చందమామ మీది గెడ్డ

గట్టు తవ్వింది సర్వేశ్వరరావే. పన్నెండేళ్లుగా సువార్తరావు గుండెలో ఆరకుండా రగులుతున్న మాట ఇదొక్కటే. చెల్లెల్నిచ్చి పెళ్లి చేసినవాడు, ఒకే పళ్లెంలో తిన్నవాడు, తుపాను రాత్రి ఊరంతా తలుపులు బిగించుకుని వణుకుతుంటే గునపం భుజాన వేసుకుని కొండెక్కాడు. వాగు వంపు దగ్గర గట్టు తెంపాడు. గెడ్డని ఇవతలికి మళ్లించాడు. తెల్లారేసరికి బావ నేల తన నేలలో కలిసిపోయింది. చూసినవాడెవడు? ఎవడూ లేడు. చూడాలా? ఆ నేలలో ఇప్పుడు ఎవడి మిరియాల తీగలు పాకుతున్నాయో చూస్తే చాలదా?

చింతపల్లి దాటి గూడెం కొత్తవీధి వైపు పోయే ఘాటు రోడ్డుకి పైన ఉంది ఆ ఊరు. అక్కడ హద్దంటే రాయి కాదు, కంచె కాదు. కొండ మీంచి దిగే గెడ్డ. దానికి ఇవతల సువార్తరావు వాళ్లది, అవతల సర్వేశ్వరరావు వాళ్లది. తాతలు నోటితో చెప్పుకున్నారు, నోటితోనే నడిచింది. పారే నీటిని హద్దుగా పెట్టుకుంటే అది ఒక రోజు లేచి నడుస్తుందని వాళ్లకి తోచలేదు. తోచాక ఊరి పెద్దలు ఒక మాట అనుకున్నారు. గెడ్డ తనంతట తాను కదిలితే హద్దూ కదిలినట్టే. మనిషి కదిలిస్తే మాత్రం హద్దు పాతచోటే.

మరి ఎవరు కదిలించినట్టు? వానే అంటాడు సర్వేశ్వరరావు. నువ్వే అంటాడు సువార్తరావు. మధ్యలో నలిగింది కనక. వాడికి చెల్లెలు, వీడికి పెళ్లాం. కన్నతల్లి పోయిన రోజున కూడా ఆవిడ గెడ్డ దాటలేదు. మొగుడు దాటనివ్వలేదు. ఇవతలి ఒడ్డున నిలబడి, పాడె కొండ మలుపు తిరిగేదాకా చూసి, వెనక్కొచ్చి కాఫీ పళ్లు ఎండబోసింది.

ఇన్నాళ్లకి ఆ తగువు రేపు తెగబోతోంది. సంత నుంచి జనం తిరిగొచ్చాక, పెద్దల ముందు సువార్తరావు ప్రమాణం చెయ్యాలి. బైబిలు మీదంటే సర్వేశ్వరరావు ఒప్పుకోలేదు. ఊరి దేవత ముందంటే సువార్తరావు ఒప్పుకోలేదు. ఇద్దరూ ఒప్పుకున్నది మట్టి ఒక్కటే. తగువులో ఉన్న నేల నుంచి పిడికెడు మట్టి తెచ్చి, చిటికెడు నాలుక మీద వేసుకుని, గట్టు తవ్వింది సర్వేశ్వరరావేనని చెప్పాలి. అబద్ధం చెప్పి మట్టి నాలుక మీద వేసుకున్నవాడి చేతిలో ఇక ఏ నేలా పండదని ఆ కొండల్లో చర్చికి పోయేవాడూ నమ్ముతాడు, పోనివాడూ నమ్ముతాడు. ఆ మట్టి ఇప్పటికే అడ్డాకు పొట్లంలో సువార్తరావు చొక్కా జేబులో ఉంది.

అలాంటి రోజున అన్నకూతురు జీవిత నోరు జారింది. "మన పాత గెడ్డ ఇంకా ఉంది సిన్నాన్నా. ఇక్కడ కాదు, ఒక చందమామ మీద."

ఆ మాట విన్న మనిషి ఇప్పుడు ఆ పిల్ల గదిలో, ఆ పిల్ల కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు.

"బేగి తియ్యే గుంటా ఆ పెట్టి."

"కూకో సిన్నాన్నా. లోడవ్వాలి."

"పన్నెండేళ్లు కూకున్నాను. ఇంకా కూకోమంటావేటి?"

ఒకప్పుడు కాఫీ బస్తాలు వేసుకున్న గది అది. గోడలకి ఇంకా కాఫీ గింజల వాసన ఉంది. టవర్ సిగ్నల్ ఆ ఒక్క గదిలోనే నిలుస్తుంది కాబట్టి జీవిత బల్ల వేసుకుని, విశాఖలో ఉన్న ఒక గేమ్‌ల కంపెనీకి అక్కడి నుంచే పని చేస్తుంది. పడవలాంటి వ్యోమనౌక ఎక్కి, నక్షత్రాల మధ్య ఊరూరూ తిరిగే ఆట. అందులో గ్రహాలూ వాటి చందమామలూ తయారుచెయ్యడం ఈ పిల్ల పని. అయిదో తరగతితో బడి మానేసిన సువార్తరావుకి ఆ ఉద్యోగం గురించి తెలిసింది ఇంతే. గుంట చందమామలు చేస్తుందట, దానికి జీతమిస్తారట.

"ముందు మేము సేసినవి వట్టి రంగు బంతులు" అంది జీవిత, తెర మీద గుండ్రంగా ఏదో తిరుగుతుంటే. "ఆడినోళ్లు తిట్టి పోసినారు. గాలి లేని సోట జెండా ఎగురుతాదేటి, నీళ్లు లేని సోట గెడ్డలేటి అని. ఇప్పుడు అంతా మార్సేస్తన్నాం. సైన్సులో ఎలగుంటే అలగే. బరువు, గాలి, సలి, వాన, రాయి దొర్లడం కూడా."

"మరి మన కొండ అందులోకి ఎలగెల్లిపోనాది?"

"కంప్యూటరు పుట్టించిన కొండలు అబద్ధంలా ఉండేవి. తుపానుకి ముందు గనుల కోసం ఎవరో మన కొండల మీద విమానం తిప్పి, అడుగడుక్కీ ఎత్తు కొలిసినారు కదా. ఆ కొలతలు కాలేజీలో ఉన్నప్పుడు నాకు దొరికినాయి. వాటితో మన కొండే దింపేసినాను. ఇంత పెద్ద చందమామలో ఒక్క మూల, ఎవడికి తెలుస్తాదిలే అనుకున్నాను."

"నాకు తెలిసింది కదేటి" అన్నాడు సువార్తరావు. అని జేబులోంచి సెల్ తీశాడు. అతను వచ్చిన పని అది. పాత కొండ మీద వాన కురిపించమంటాడు. గట్టు తవ్వనిచోట నీళ్లు ఎటు పోతాయో వీడియో తీస్తాడు. రేపు పెద్దలకి ముందు అది చూపిస్తాడు, తర్వాత మట్టి ముడతాడు. సర్వేశ్వరరావు ఇక ఏ ముఖం పెట్టుకుని నోరు తెరుస్తాడో చూడాలి.

తెర నల్లబడింది. నలుపులో చుక్కలు. ఆ చుక్కల్లోంచి ఒక గ్రహం పైకొచ్చింది. వచ్చిందంటే, గది చాలనట్టు వచ్చింది. దాని నడుం చుట్టూ వడ్డాణంలా వెడల్పాటి వలయాలు, వాటి నీడ దాని ఒంటి మీదే పడి చారలు చారలుగా ఉంది. దాని పక్కన పసుపుకొమ్మ రంగులో చిన్న ఉండ.

"ఆ పసుపుదే మనది" అంది జీవిత.

సువార్తరావు సెల్ పట్టుకున్న చెయ్యి దించేశాడు. వీడియో నొక్కడం మరిచిపోయాడు.

నౌక ఆ ఉండలోకి దిగింది. పసుపు ముదిరి నారింజ అయింది, నారింజ ముదిరి ఇటుకపొడి అయింది. చుట్టూ పొగమంచు. పౌషమాసం తెల్లవారుజామున చింతపల్లి జీపు మంచులోకి దూరినప్పుడు ముందు లైట్లు ఎలా గుడ్డివవుతాయో అలా. వలయాల గ్రహం ఎక్కడా లేదు.

"అదేటే, ఆ పెద్దది ఏటైపోనాది?"

"అక్కడే ఉంది. గాలి మందం సిన్నాన్నా. కిందనుంచి అగుపడదు. ముందు మేము ఆకాశం నిండా దాన్నే పెట్టినాం. ఎంత బాగుండేదో! తీసేసిన రోజు నాకు ఏడుపొచ్చింది."

"అంత బాగున్నదాన్ని తీసీడమేటి, మతుండే సేత్తన్నారా?"

"నిజం కాదు కదా మరి."

మంచు విడింది. కింద నేల.

సువార్తరావు మొదట గుర్తుపట్టలేదు. ఆకు లేదు, చెట్టు లేదు, కాఫీ మొక్క లేదు, సిల్వర్ ఓక్ నీడ లేదు. బట్టలు విప్పేసిన మనిషిలా ఉంది కొండ. అప్పుడు కుడివైపున ఒక బండరాయి కనిపించింది. పడుకున్న అడవిదున్న ఆకారం, మూపురం దగ్గర పగులు. దున్నరాయి. దాని మీద కూర్చునే కదా అయ్య చుట్ట కాల్చేవాడు. ఆ పగుల్లో వేలు దూర్చే కదా తను చిన్నప్పుడు తేలు చేత కుట్టించుకున్నాడు. దున్నరాయి కింద మెట్టు, మెట్టు కింద పల్లం, పల్లానికి అవతల, తుపాను మింగేసిన చోటనే, పాత గెడ్డ గాడి. చెక్కుచెదరలేదు. లోకంలో ఎక్కడా లేని నేల, కోట్ల మైళ్ల దూరాన, గోధుమరంగు ఆకాశం కింద, అతని కోసమే దాచిపెట్టినట్టు ఉంది.

"ఓరి దేవుడా" అన్నాడు. ప్రార్థనలో అనే గొంతు కాదు, అంతకన్నా లోపలిది.

"నడుస్తావా? ఈ మీట నొక్కు."

మోటు వేలితో నొక్కాడు. తెర మీది మనిషి ఒక్క అంగ వేసి గాల్లోకి లేచి, చాలాసేపు దిగనే లేదు.

"ఓలమ్మో! ఎగిరిపోతన్నాడే ఈడు!"

"అక్కడ బరువు మన దగ్గర ఏడో వంతే సిన్నాన్నా. మన నలభై కిలోల బస్తా అక్కడ ఆరు కిలోలు తూగదు."

"అయితే మీ పిన్నికి నడుం నొప్పుండదన్నమాట. తీసుకెల్లి అక్కడ దించీ."

"నా నడుం ఊసు మీకెందుకు?" అంది కనక వాకిట్లోంచి. టార్పాలిన్ మీద కాఫీ పళ్లు కలబెడుతోంది. "ఆ ఊరికి జీపెల్తాదో లేదో ముందు అది కనుక్కోండి."

జీవిత నవ్వింది. సువార్తరావు నవ్వలేదు. దున్నరాయి దగ్గర నిలబడ్డ ఆ తెర మనిషిని చూస్తున్నాడు. "వాన కురిపించు" అన్నాడు.

"అక్కడ వాన నీళ్లు కాదు. అంత సలికి నీళ్లు రాయైపోతాయి. ఈ కొండంతా మంచుగడ్డే. మన గోబర్ గ్యాసు ఉంటాది సూడు, అదే అక్కడ సల్లబడి వానై పడతాది."

"ఏదైతే నాకేటి? కురిపించు."

ఆ పిల్ల ఏదో నొక్కింది. సువార్తరావు ఈసారి మరిచిపోకుండా సెల్ ఎత్తాడు.

వాన దిగింది. పడిందంటే తప్పు, దిగింది. ఒక్కో చినుకు రేగుపండంత. బూరుగు కాయ పగిలినప్పుడు దూది ఎలా తొందర లేకుండా నేలకొస్తుందో, అలా. ఇది నాది, అది నీది అని చినుకు చినుకునీ వేలుపెట్టి చూపించుకునేంత తీరిగ్గా. దున్నరాయి మూపు మీద ఒకటి వాలి, పగిలి, తుంపరై పైకి లేచి, మళ్లీ దిగడానికి ఎంతో సేపు తీసుకుంది. పల్లంలో మెరుపు పుట్టింది. మెరుపు పాకింది. పాత గాడిలో, అవతలి ఒడ్డుని ఒరుసుకుంటూ, గెడ్డ పారింది.

నలభై ఎనిమిదేళ్ల మగవాడికి ముక్కు చీదుకోవలసి వచ్చింది. కళ్ల నీళ్లతోనే నవ్వాడు. "సూసినావా? సూసినావటే? అవతలే! గునపం పడనంతసేపూ అవతలే పారతాది. రేపు మీ మావయ్య మొకం సూడాల."

"అది మామూలు వాన సిన్నాన్నా" అంది జీవిత మెల్లిగా. "తుపానంత పెంచమంటావా?"

"పెంచీ! ఎంతుంటే అంత!"

పెంచింది. చినుకులు వత్తుగా దిగాయి, అయినా తీరిక తప్పలేదు. పై చరియలో ఏదో కదిలింది. ఒక బండ, దాని వెనక ఇంకొకటి, మందలా దొర్లుకుంటూ, ఎగిరెగిరి పడుతూ, చప్పుడు కన్నా ముందు నీడలే వచ్చాయి. వచ్చి గెడ్డ వంపులో చతికిలబడ్డాయి. పాత గాడికి అడ్డంగా గోడ కట్టినట్టయింది. వెనక గెడ్డ ఉబ్బింది, వెనక్కి వెనక్కి పల్లమంతా నిండింది. ఇవతలి గట్టు మీద సన్నటి జీర ఒకటి జారింది. జీర వేలంతైంది, చెయ్యంతైంది. గట్టు అంచు కరిగి కూలింది. ఎవరూ లేరక్కడ. గునపం లేదు. గెడ్డ లేచి, పక్కకి ఒత్తిగిలి, ఇవతలికొచ్చి పడుకుంది.

సువార్తరావు వీడియో ఆపేశాడు.

"అది సందమామ" అన్నాడు. "అక్కడ రాయి ఎగురుతాది, వాన నిద్దరోతాది. అక్కడి లెక్క మనకెందుకు? మన వాన పెట్టు. మన నీళ్లు, మన బరువు."

"సిన్నాన్నా, ఇది ఆటే. కోర్టు కాదు."

"పెట్టమన్నాను."

జీవిత పెట్టింది. భూమి బరువు, భూమి నీళ్లు. అందంగా దిగినదంతా ఇప్పుడు కొట్టినట్టు పడింది. బండలు ఈసారి ఎగరలేదు, దబదబా వచ్చాయి. కాసిని వంపు దాటి పోయాయి, చాలావరకు వంపులోనే నిలిచాయి. చూస్తుండగానే, కన్ను మూసి తెరిచేంతలో, గట్టు తెగింది. తెగిన చోటు సువార్తరావుకి కంఠతా వచ్చు. పన్నెండేళ్లుగా రోజూ చూసి తిట్టుకున్న చోటే.

"ఇంకోపాలి."

మళ్లీ అక్కడే తెగింది. మూడోసారి గట్టు రెండు గజాల కిందగా తెగింది, అంతే తేడా.

"దీని ముందరి ఆట ఉండాలి కదా నీ దగ్గర" అన్నాడు సువార్తరావు. ఆ పిల్ల కుర్చీ వీపుని రెండు చేతులా పట్టుకున్నాడు. "ఈ సైన్సు పెట్టకముందరిది. అందులో గెడ్డ ఎటు పారేది?"

"మేము గీసిన గీత మీద పారేది. పాత గాడిలోనే. ఎంత వానేసినా అక్కడే."

"అది పెట్టు. అదే తీసుకుంటాను."

జీవిత కుర్చీ తిప్పి బాబాయి ముఖంలోకి చూసింది. "అది నీళ్లు కాదు సిన్నాన్నా, నీలం రంగు. ఇప్పుడైతే గెడ్డ ఇష్టం. నాను సెప్పినా ఇనదు."

"నీకేటి పోనాదే? ఒక్క బొమ్మ! ఊరోళ్లకి నీలం రంగేటి, నీళ్లేటి?"

"అందుకే వద్దు. నిజం కాదు కదా మరి."

ఇందాకా అదే మాట అన్నప్పుడు ఆ పిల్ల ఒక గ్రహాన్ని పోగొట్టుకుంది. ఇప్పుడు సువార్తరావు పోగొట్టుకుంటున్నది దానికన్నా పెద్దదో చిన్నదో చెప్పడం కష్టం. నేల పోయి పన్నెండేళ్లయింది. ఇవాళ పోతున్నది, ఆ నేల ఎవడు తీసుకున్నాడో చూపించే వేలు. అదీ పోతే మనిషికి పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలియదు.

గుమ్మంలో చప్పుడైంది. టీ గ్లాసులు పట్టుకుని కనక నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఏమో, టీ మీద మీగడ కట్టేసింది. తెర వైపే చూస్తోంది. పుట్టినింటి గెడ్డని, గట్టు కూలిన చోటునీ గుర్తుపట్టడానికి ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు.

"అయితే అన్నియ్య తవ్వలేదన్నమాట" అంది.

అరవలేదు. ఏడవలేదు. టీ చల్లారిపోయిందన్నంత మామూలుగా అంది. అరిచి ఉంటే సువార్తరావు కూడా అరిచేవాడు. అరవడం అతనికి వచ్చిన పని.

"ఆట సూసి సెప్పేస్తావేటి?" అన్నాడు, తన గొంతు తనకే నచ్చకుండా. సెల్ వైపు చూసుకున్నాడు. వీడియో ఉంది. గెడ్డ అవతల పారుతూ, తను నవ్వుతూ, 'సూసినావటే' అంటూ. అంతవరకూ కోసి చూపిస్తే చాలు. తర్వాతి సంగతి ఈ గది దాటదు. జీవిత చెప్పదు, తండ్రి లేని పిల్లని తనే పెంచాడు. కనక చెప్పదు, పాడె పోతున్నప్పుడే నోరు తెరవలేదు.

జేబులో మట్టి పొట్లం ఛాతీకి ఒత్తుకుంటోంది.

జీవిత తెర వైపు తిరిగి, పాత గెడ్డకీ కొత్త గెడ్డకీ మధ్య ఉన్న ముక్క చుట్టూ గీత గీసింది. ఆ అలవాటు ఆ పిల్లకి పనిలో వచ్చింది, ఏది చేసినా కొలవడం. తెర మూలన అంకె పడింది. తాతల నాటి నుంచి ఆ ముక్కని ఎవరూ కొలవలేదు. సువార్తరావు ఇన్నాళ్లూ నోటికొచ్చినట్టు రెండెకరాలనేవాడు, కోపం వస్తే మూడనేవాడు.

అప్పుడే వాకిట్లో కుక్క మొరిగింది. మొరిగి, తెలిసిన మనిషి వాసన తగిలినట్టు ఆగిపోయింది.

"ఎవలైనా ఉన్నారా ఇంట్లో?"

పన్నెండేళ్ల తర్వాత ఆ వాకిట్లో వినపడిన గొంతు. కనక గ్లాసులు బల్ల మీద పెట్టేసింది.

సర్వేశ్వరరావు టార్పాలిన్ అంచున నిలబడ్డాడు, కాఫీ పళ్లు తొక్కకుండా. తలకి మఫ్లరు, కాళ్లకి గెడ్డ బురద. వంతెన వైపు నుంచి రాలేదు, నీళ్లలోంచే దాటొచ్చాడు. సువార్తరావు గుమ్మంలోకి వచ్చాడు, వెనక కనక, ఆ వెనక జీవిత.

"కూకోమనకు బావా, కూకోను" అన్నాడు సర్వేశ్వరరావు. "రమణి పెళ్లి కుదిరింది. మేనత్త పసుపు రాయకుండా నా పిల్ల పీట మీద కూకోదట. అడిగి అడిగి నా పేణం తోడేస్తన్నాది. అందుకే వచ్చినాను."

సువార్తరావు గుమ్మానికి అడ్డంగానే నిలబడ్డాడు.

"రేపు నువ్వు మట్టి ముట్టక్కర్లేదు. నాను ముడతాను. గట్టు నానే తవ్వినానని పెద్దల ముందర ఒప్పేసుకుంటాను. నీ నేల నీకు వచ్చేస్తాది. దాని మీదున్న మిరియం పాదులు కూడా వదిలేస్తాను. నా సెల్లిని మాత్రం గెడ్డ దాటనియ్యి."

"అన్నియ్యా" అంది కనక. "నువ్వు తవ్వినావా?"

సర్వేశ్వరరావు చెల్లెలి వైపు చూడలేదు. చేతులు చూసుకున్నాడు. ఇరవై ఏళ్లుగా ఆ ఊళ్లో మిరియం ఎవరికీ పండనంతగా పండించిన చేతులు. రేపు అబద్ధం చెప్పి మట్టి నాలుక మీద వేసుకుంటే ఇక ఏదీ పండని చేతులు. ఆ సంగతి తెలిసే వచ్చాడు.

"తవ్వినాననే అనుకో" అన్నాడు. "ఏటంటావు బావా?"

కనక మొగుడి వైపు తిరిగింది. జీవిత బాబాయి వైపు తిరిగింది. అతని ఒక చేతిలో సగం వీడియో ఉన్న సెల్, రెండో చెయ్యి తనకి తెలియకుండానే జేబులోని అడ్డాకు పొట్లం మీద. సువార్తరావు నోరు తెరిచాడు. వెనక, బస్తాల గదిలో, జీవిత మళ్లీ పెట్టిన ఆ దూరపు చందమామ మీద వాన ఏ తొందరా లేకుండా దిగుతూనే ఉంది. ఎవరూ తవ్వని గట్టు మీద, ఎవరూ దొంగిలించని ఎకరా అరవై రెండు సెంట్ల నేల మీద.